గొంతు తీసిన పాట

మా అన్నయ్య జోజిని చూడడానికి ఇప్పుడు హైదరాబాదు నుంచీ విశాఖపట్నం నుంచీ కుర్రాళ్లు వస్తున్నారు. చెవులకి పోగులు, భుజాలకి గిటార్లు, మోకాళ్ల దగ్గర చిరిగిన ప్యాంట్లు. రాజోలు బస్టాండులో దిగి 'తాటాకు క్యాసెట్స్' ఎక్కడండీ అని అడిగితే చాలు, ఆటోవాళ్లు సరాసరి మా పేటకి తెచ్చి దింపేస్తారు. మీరు చేసిన సంగీతాన్ని పంక్ అంటారండీ, మాకు దారి చూపించింది మీరేనండీ అని వాళ్లు ఆయన కాళ్ల మీదకి వంగబోతే ఆయన కసురుకుంటాడు. చివరికి అందరూ అడిగే ప్రశ్న ఒకటే. అంతమంది చేత పాడించి క్యాసెట్లు వేశారు, మీరు మాత్రం మూడు క్యాసెట్లతో ఎందుకు ఆపేశారండీ అని. ఆయన చెప్పే జవాబూ ఒకటే. "డప్పు పోయిందండి."

ఆ మాట రాగానే నేను ఖాళీ గ్లాసులు ఏరుకుని వంటింట్లోకి వెళ్లిపోతాను. ఆ డప్పు ఎలా పోయిందో తెలిసినవాళ్లు మావాళ్లలో ఇద్దరమే. వాయించిన రత్నానికి తెలుసు, నాకు తెలుసు. తొమ్మిదేళ్లయింది. ఇవాళ చెప్పేస్తాను, విని ఏమనుకుంటారో మీ ఇష్టం.

అన్నయ్యకి సంగీతం రాదు. ఈ సంగతి ఆయనే గొప్పగా చెప్పుకుంటాడు. రాజోలు సెంటర్లో టేపురికార్డర్లు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది ఆయనకి. బొంబాయి రేవులో పనిచేసే మా పెదనాన్న కొడుకు ఒకసారి అట్టా పేరూ లేని క్యాసెట్టొకటి తెచ్చిచ్చాడు. ఇంగ్లీషు పాటలు. ఒక్కోటి రెండు నిమిషాలు, అంతా అరుపులే. మా అమ్మ లీలావతి కాసేపు విని, ఎవర్నో కొడుతున్నార్రా, ఆపేసెయ్ అంది. అన్నయ్య మాత్రం పదిరోజులు అదే విన్నాడు. వీళ్లకీ పాడడం రాదు, మనకీ రాదు, మరి వీళ్లు ఆగలేదు కదా, మనమెందుకు ఆగాలి అన్నాడు. చర్చి క్వయరు వదిలేసిన పాత గిటారొకటి తెచ్చుకున్నాడు. పక్కింటి రత్నం డప్పు తీసుకుని వచ్చాడు. చర్చిగుళ్లోకి డప్పేంటి అని సంఘపెద్దలు మూతి ముడిస్తే, గుళ్లో కాదండి మా ఇంట్లో అని మా ముందుగదిలోనే మొదలుపెట్టారు.

పాటలు పట్టింది నేను. మస్కట్‌లో ఇంటిపనికి వెళ్లిన మా పిన్ని, ఆ ఇంటివాళ్ల అబ్బాయి మోజు తీరి పక్కన పడేసిన రికార్డరొకటి తీసుకొచ్చింది. ఒకే క్యాసెట్టు మీద నాలుగు శబ్దాల్ని విడివిడిగా పట్టే మిషను అది. గిటారు ఒకదాంట్లో, డప్పు ఒకదాంట్లో, గొంతు ఒకదాంట్లో. దేని మీట కిందికి లాగితే అది వినబడకుండా పోతుంది. అన్నయ్యకి తొందర, రత్నానికి ఆ మిషనంటే భయం. ఇంటర్ పాసై ఖాళీగా కూర్చున్నదాన్ని నేనే, చెయ్యి నిలకడగా ఉండేదీ నాకే. కాపీలు తీసేదాన్ని, అట్టల మీద 'తాటాకు క్యాసెట్స్' అని మేం పెట్టుకున్న పేరూ పాటల పేర్లూ రాసేదాన్ని. విజయవాడ నుంచి ఎవరో కంపెనీ ఆయన కారేసుకుని వచ్చి పాటలు అమ్మమని అడిగితే అన్నయ్య ఆయనకి కొబ్బరిబోండం కొట్టిచ్చి సాగనంపేశాడు. మా పాట మేమే కడతాం, మేమే అమ్ముకుంటాం, ఎవరికీ రాసివ్వం అన్నాడు. ఆ పట్టుదలకే ఇప్పుడు కుర్రాళ్లు దండాలు పెడుతున్నారు.

మూడో క్యాసెట్టులోది 'కప్పేదీ' పాట. తొంభై ఆరు తుఫానులో మా పేటలో ఒక్క ఇంటికీ కప్పు మిగల్లేదు. రత్నం వాళ్లమ్మ చిన్నమ్మలుగారు కొబ్బరిచెట్టు ఇంటిమీద పడి అక్కడికక్కడే పోయింది. ప్రభుత్వ సాయం జాబితాలు కామేశ్వరరావుగారి అరుగు మీద రాశారు. మా ఊరికి పెద్దమనిషి ఆయన. ఆ జాబితాలో మా పేటవాళ్ల పేర్లు సగం లేవు, చిన్నమ్మలుగారు జ్వరంతో పోయిందని చెప్పి ఆవిడ పేరూ కొట్టేశారు. రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి, ఇక లాభం లేదని రత్నమే అన్నాడు అన్నయ్యతో, ఆ రాయని పేర్లన్నీ మనం అరుద్దాం జోజీ అని. పాటంతా అంతే. అన్నయ్య ఒక్కొక్క పేరూ అరుస్తాడు, అరిచాక 'కప్పేదీ' అంటాడు, డప్పు పడుతుంది. మొదటి పేరు చిన్నమ్మలు. గోదారి లంకల్లో పడవ నడిపేవాళ్ల దగ్గర్నుంచి కొత్తపేట కాలేజీ పిల్లల దాకా అందరూ ఆ పాట అరిచారు. కామేశ్వరరావుగారు కారులో వెళుతుంటే చెరువుగట్టు మీద పిల్లలు 'కప్పేదీ' అని కేకేసేవారు.

తొంభై తొమ్మిది ఎన్నికలు వానల్లో వచ్చాయి. కామేశ్వరరావుగారి తమ్ముడు నిలబడ్డాడు. మా వైపు ఊరేగింపంటే ముందు డప్పు నడవాలి. ఏ ఇంటి డప్పు ఎవరి గుమ్మం ముందు మోగాలో తాతలనాటి వాడుక ఒకటుంది, పిలుపొచ్చాక రానంటే కుదరదు. రత్నం వాళ్లది కామేశ్వరరావుగారి గుమ్మం. వాళ్ల నాన్నకి ఆయాసం, నడవలేడు. రత్నం వెళ్లాడు. అన్నయ్య మండిపడ్డాడు. మీ అమ్మ పేరు కొట్టేసినవాడి ముందు వాయిస్తావా అన్నాడు. చేతులు వాయిస్తాయి, నేను కాదు అన్నాడు రత్నం. అన్నయ్యకి ఆ జవాబు నచ్చలేదు. వారం రోజులు ఇద్దరికీ మాటల్లేవు.

సరిగ్గా ఆ వారంలోనే నేను కామేశ్వరరావుగారి గుమ్మం ఎక్కాను. మా పేట అంగన్‌వాడీ టీచరు పోస్టు రెండేళ్లుగా ఖాళీ. ఆయన మాట లేకుండా ఆ కాగితం కదలదని ఊళ్లో పిల్లాడిని అడిగినా చెబుతాడు. దరఖాస్తు పట్టుకుని వెళ్లాను. ఆయన పడక్కుర్చీలో కూర్చుని దాన్ని మొదట్నుంచి చివరిదాకా చదివారు. చేతిరాత బావుందన్నారు. తర్వాత పాట సంగతెత్తారు.

"మీ అన్నయ్య నన్ను తిట్టేడు గాని అమ్మాయ్, బాగా తిట్టేడు. ఆ దరువు వింటే నాకే కాళ్లాడతాయి."

ఆయన దరఖాస్తు మడిచి పక్కన పెట్టారు.

"మాటలు నాకొద్దు. మాటలు మావాళ్లు రాసుకుంటారు. గొంతు లేకుండా ఉత్త దరువు ఇవ్వగలవేమో చూడు. నువ్వే నడుపుతావంట కదా ఆ మిషను."

"చూస్తానండి" అన్నాను. ఇవ్వనండి అనాల్సింది. అలాగేనండి అన్నట్టు ఆయ్ అని కూడా అనలేదు చూశారా, చూస్తానండి అన్నాను, ఏదో మధ్యలో నిలబడ్డదానిలాగ.

అమ్మకి అప్పటికి యాభై దాటాయి. నాట్లకి వెళ్లి వెళ్లి బురదలో కాలివేళ్ల సందులు చెడిపోయి, చెప్పులు వేసుకోలేక వట్టికాళ్లతో నడిచేది. అమ్మ కోసమే చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది సగం నిజం. రెండో సగం ఏంటంటే, ఇస్త్రీ చీర కట్టుకుని, చంకలో రిజిస్టరు పెట్టుకుని పేటలో నడుస్తుంటే టీచరుగారూ అని పిలిపించుకోవాలని నాకు కడుపులో ఆశ. అన్నయ్య పేరు మూడు మండలాల్లో మోగుతోంది. నన్ను మాత్రం జోజి చెల్లెలు అంటారు, అంతే.

మర్నాడు మధ్యాహ్నం అన్నయ్య కొట్లో ఉండగా, అమ్మ నాట్లలో ఉండగా, తలుపు దగ్గరికేసి, అసలు క్యాసెట్లు దాచే పెట్టె తీశాను. మిషనులో క్యాసెట్టు పెట్టి గొంతు మీట కిందికి లాగాను. అన్నయ్య అరుపు పోయింది. చిన్నమ్మలుగారి పేరు పోయింది. ఎక్కడైనా ఆ గొంతు లీలగా మిగిలిందేమోనని చెవులు రిక్కించి రెండుసార్లు విన్నాను. మిగల్లేదు. పని శుభ్రంగా కుదిరిందని సంతోషించాను కూడా, ఛీ నా బతుకు. ఆ కాపీ కాగితంలో చుట్టి కామేశ్వరరావుగారి ఇంట్లో పనిచేసే ఆవిడ చేతికిచ్చి వచ్చాను.

నేను విననిది ఒకటుంది. ప్రతి పాట ముందూ రత్నం ఒక కేక వేస్తాడు. "ఆయ్, ఆయ్, కానీండి" అంటాడు, డప్పు అందుకుంటాడు. ఆ కేక గొంతు దాంట్లో పడదు. డప్పు ముందున్న మైకులో, డప్పుతోపాటే పడుతుంది. వందల కాపీలు తీసిన చెవికి ఆ కేక డప్పులో ఒక దెబ్బలా అలవాటైపోయింది. మనిషి గొంతని తోచనే లేదు.

మూడోరోజు పొద్దున్న జీపు వచ్చింది. పైన రెండు మైకులు, చుట్టూ జెండాలు. మా పేట మలుపు తిరుగుతుండగా మైకులోంచి "ఆయ్, ఆయ్, కానీండి" అని రత్నం కేక, వెంటనే మా దరువు, మా అన్నయ్య గిటారు. దాని మీద ఎవడో తియ్యటి గొంతువాడు, మా ఇంటికి కప్పు వేసిన అయ్య మా కామేశ్వరరావయ్య, ఆయన తమ్ముడికే మా ఓటయ్యా అని పాడుతున్నాడు. కుళాయి దగ్గర ఆడవాళ్లందరూ బిందెలు వదిలేసి నిలబడ్డారు. నిజం చెప్పాలి కదా. మొట్టమొదట నాకు అనిపించింది, అబ్బ, ఎంత స్పష్టంగా వస్తోందో అని. ఆ తర్వాతే రత్నం గొంతు గొంతులా వినబడింది. అప్పుడు బిందె అక్కడే పెట్టేసి ఇంటికి వచ్చేశాను.

రత్నమే వాళ్ల కోసం వాయించి కేకేశాడని పేట తేల్చేసింది. అన్నయ్య అంత తెలివితక్కువవాడు కాదు. గిటారులో తను మూడోచోట తప్పిన తీగ ఆయన గుర్తుపట్టాడు. ఇది కొత్తగా వాయించింది కాదు, మన క్యాసెట్టే, మన పెట్టెలోంచే వెళ్లింది అన్నాడు. పెట్టె తాళం గోడమేకుకి ఉంటుంది, ఇంట్లోకి అన్నివేళలా వచ్చే మనిషి రత్నమొక్కడే. నా వైపు అన్నయ్య చూడను కూడా చూడలేదు. ఆ నమ్మకం నాకు చెంపదెబ్బ కంటే ఎక్కువ తగిలింది.

మధ్యాహ్నం రత్నమే వచ్చాడు. ఊరేగింపు సగంలో వదిలేసి వచ్చాడు, కాళ్లనిండా బురద. నేను గుమ్మంలో చేటలో బియ్యం ఏరుతున్నాను.

"జోజీ, పాట వాళ్లకి నువ్విచ్చేవా?" అన్నాడు.

"నన్నడుగుతున్నావా?" అన్నాడు అన్నయ్య.

"ఇంకెవర్ని అడగాలి? అది మా అమ్మ పాట."

"మీ అమ్మ పాట ముందు నీ కేకే ఉంది. విన్నావా?"

"విన్నాను. ఆ మిషను మీద నేనెప్పుడైనా చెయ్యి వేసేనా జోజీ?"

అన్నయ్య ఆలోచించాడు. ఆయన న్యాయంగానే ఆలోచించాడు, అందుకే నన్నడిగాడు. "నిర్మలా, గొంతు తీసే పని రత్నానికి తెలుసా?"

"తెలుసు" అన్నాను. "నేనే చూపించేను."

అందులో అబద్ధం లేదు. అంతకు ముందు క్రిస్మస్ రోజుల్లో, ఇదెలా పనిచేస్తాదమ్మా అని రత్నం అడిగితే మీట లాగి చూపించాను. అమ్మో, జోజిని మాయం చేసేసేవే అని నవ్వి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు, ముట్టుకోలేదు. ఆ ముట్టుకోలేదన్న ముక్క నేను చెప్పలేదు. అడిగినదానికి జవాబు చెప్పి మళ్లీ రాళ్లు ఏరడం మొదలుపెట్టాను.

రత్నం నా వైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే బావుండేది. లెక్క కుదిరినవాడిలా ఒకసారి తలాడించి, మెట్లు దిగి వెళ్లిపోయాడు. అన్నయ్య గిటారు తీసి తీగలన్నీ ఒక్కొక్కటే విప్పేశాడు.

ఆ తర్వాత మూడు వారాలు రత్నం ఇంటికి ఎవరూ నిప్పుకి కూడా వెళ్లలేదు. తల్లిని అమ్ముకున్నాడు అన్నారు. ఆ మాట కుళాయి దగ్గర ఒకరంటే, ఊఁ అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఎవరో 'కప్పేదీ' క్యాసెట్లు నాలుగు తెచ్చి రీళ్లు లాగేసి ఆ ఇంటి దడి మీద వేలాడదీశారు. వాళ్ల నాన్న ఆయాసపడుతూనే వాటిని ఒక్కొక్కటీ తీసి చుట్టుకోవడం మా కిటికీలోంచి చూశాను. ఓట్లు అయిపోయాయి. కామేశ్వరరావుగారి తమ్ముడు గెలిచాడా ఓడాడా అన్నది మీకనవసరం. ఓట్లయిన వారానికి నాకు పోస్టు కాగితం వచ్చింది. అన్నయ్య స్వీట్లు తెచ్చాడు. మన ఇంట్లో ఒకళ్లైనా ఎవరి కాళ్లూ పట్టుకోకుండా ఉద్యోగం తెచ్చుకున్నారు అన్నాడు. ఆయన చేత్తో ఇచ్చిన లడ్డు తిన్నాను.

మండలం ఆఫీసులో సంతకం పెట్టి కాలవగట్టు మీద నడిచి వస్తుంటే రత్నం ఎదురయ్యాడు. ఎదురయ్యాడని కాదు, నాకోసమే నిలబడ్డాడు.

"పోస్టు వచ్చిందంట."

"ఆయ్" అన్నాను.

"నేను చెబితే ఎవరూ నమ్మరు నిర్మలా. నువ్వు చెబితేనే నమ్ముతారు. బల్ల ఆదివారం వస్తా ఉంది కదా, ఈలోపు చెప్పు. పేటకి అక్కర్లేదు. మీ అన్నయ్య ఒక్కడికి తెలిస్తే చాలు."

"చెబుతాను" అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. రత్నం నన్ను ఒక్క మాట తిట్టలేదు. ఉద్యోగం జాగ్రత్తగా చేసుకోమని కూడా చెప్పి వెళ్లాడు.

బల్ల అంటే ప్రభువు బల్ల. మా గుడిలో నెలకి మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు. ఎవరి మీదైనా పగ పెట్టుకున్నవాళ్లు, ఎవరికైనా అన్యాయం చేసినవాళ్లు ముందు దాన్ని సరిచేసుకుని అప్పుడే చెయ్యి చాపాలి. అది మాలో గట్టి నియమం. ఆదివారానికి అయిదు రోజులుంది. మంగళవారం చెబుదామని అన్నయ్య కొట్టు దాకా వెళ్లాను, ఆయన ఎవరిదో రేడియో విప్పి పెట్టుకుని ఉన్నాడు, బల్బు కొనుక్కుని వచ్చేశాను. ఒకరోజు అన్నం వడ్డిస్తూ "అన్నయ్యా" అన్నాను. ఏంటమ్మా అన్నాడు. పులుసు వెయ్యనా అన్నాను. శనివారం అమ్మ, ఇక ఈ ఏడు నాట్లకి వెళ్లనే, మా టీచరమ్మ తెచ్చి పెడుతుంది అని పక్కింటావిడకి చెబుతుంటే విన్నాను. ఇక చెప్పనని అప్పుడే నాకు తెలిసిపోయింది. చెబితే ఉద్యోగం పోతుందని కాదు, పోదు కూడా. అన్నయ్య నా మొహం చూసే చూపు మారిపోతుందని.

ఆదివారం గుడి నిండిపోయింది. మగవాళ్లు ఒక పక్క, ఆడవాళ్లు చెంగులు తలమీద కప్పుకుని ఒక పక్క. రత్నం వెనక వరసలో వాళ్ల నాన్న పక్కన కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక పాస్టరుగారు అలవాటు ప్రకారం, ఎవరి మనసులోనైనా ఏదైనా ఉంటే ఇప్పుడే సమాధానపడండి అన్నారు. మామూలుగా ఆ మాట తర్వాత ఎవరూ కదలరు. ఆరోజు అన్నయ్య లేచాడు.

"రత్నం నన్ను మోసం చేసేడు. నెలరోజులు నాకు నిద్ర లేదు. ఇవాళ ప్రభువు ముందు చెబుతున్నాను, నేను క్షమించేను" అని, చేతులు రెండూ చాపుకుని వెనక వరస దాకా నడిచాడు. ఆడవాళ్లలో ఏడుపులు మొదలయ్యాయి. అమ్మ కళ్లు ఒత్తుకుంది. పాస్టరుగారు స్తోత్రం అన్నారు. రత్నం లేచి నిలబడ్డాడు. ఒక్క ఆయ్ అంటే చాలు, అన్నీ తిరిగొస్తాయి. స్నేహం, డప్పు, పేట. అను రత్నం, అనెయ్ అని నేను లోపల్లోపల బతిమాలుకున్నాను. నా పాపం అతను ఒప్పేసుకుంటే నేను తేలిపోతానని అంత ఆశపడ్డాను.

"వద్దు జోజీ" అన్నాడు రత్నం. మెల్లిగానే అన్నాడు. "చెయ్యనిదానికి నాకు క్షమాపణ వద్దు. తీసుకుంటే మా అమ్మని నేను అమ్మినట్టే అవుద్ది."

అన్నయ్య చేతులు అలాగే చాపి ఉన్నాయి. రత్నం నా వైపు చూస్తాడనుకున్నాను. చూడలేదు. వాళ్ల నాన్న భుజం పట్టుకుని లేపి, నడిపించుకుంటూ బయటకి వెళ్లిపోయాడు. ఎంత పొగరో చూడండి, ప్రభువు ముందు కూడా అని నా వెనక ఎవరో అన్నారు. ఆ నెల తిరక్కుండా వాళ్లు కాకినాడ వెళ్లిపోయారు. అన్నయ్య తర్వాత వేరేవాళ్ల చేత పాడించి క్యాసెట్లు వేశాడు గాని, తను మళ్లీ పాడలేదు.

ఆరోజు గుళ్లో వాళ్లు బయటకి వెళ్లగానే రొట్టె పళ్లెం వరసల్లో తిరగడం మొదలైంది. నా మనసు లేచి నిలబడింది గాని ఒళ్లు లేవలేదు. అమ్మ ముక్క తీసుకుని పళ్లెం నా ముందుకి జరిపింది. నేను కదలకపోతే మోచేత్తో పొడిచి, తీసుకోవే, అందరూ చూస్తున్నారు అంది. తీసుకున్నాను. నోట్లో పెట్టుకుని నమిలాను, మింగాను, తలవంచి అందరితోపాటు ఆమెన్ అన్నాను. అప్పట్నుంచి నెలనెలా తింటూనే ఉన్నాను. ఆ ఆదివారం మాత్రం మా పేట మొత్తంలో రొట్టె తినకుండా ఇంటికి వెళ్లింది రత్నమూ వాళ్ల నాన్నా, ఇద్దరే.